తాళం ఒక్కటే చాలదు.. ద్విచక్ర వాహనానికి కాపలా ఎలా?

నరసరావుపేట: తెల్లవారుజామున కేంద్రానికి పాలు చేర్చే రైతుకైనా, మిరప కోతకు కూలీలను పురమాయించే మేస్త్రీకైనా, పొరుగూరి బడికి వెళ్లే ఉపాధ్యాయుడికైనా నేడు ద్విచక్ర వాహనమే కాలూ చెయ్యీ. పల్నాడు పల్లెల్లో చాలా ఇళ్లలో బంగారం తర్వాత అంతటి విలువైన వస్తువు అదే. బంగారాన్ని బీరువాలో దాచే యజమాని బండిని మాత్రం రాత్రంతా వీధిలోనే నిలుపుతున్నాడు. దానికున్న రక్షణ చిన్న ఇనుప పుల్లతో పనిచేసే హ్యాండిల్ లాక్ ఒక్కటే.

నరసరావుపేట పరిసర గ్రామానికి చెందిన ఒక కౌలు రైతు 2021లో వాయిదాల పద్ధతిపై మోటారు సైకిల్ కొన్నారు. 2023 చివర్లో పురుగు మందుల దుకాణం ముందు బండి నిలిపి లోపలికి వెళ్లి, పావుగంటలో తిరిగి వచ్చేసరికి అది లేదు. పోలీసులకు ఫిర్యాదు చేశారు. 'అయిదేళ్ల బీమా ఉంది కదా' అని ధైర్యంగా ఉన్నారు. తీరా కాగితాలు తిరగేస్తే ఆ అయిదేళ్ల బీమా ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమేనని, చోరీకి వర్తించే భాగం మొదటి ఏడాదితోనే ముగిసిందని తేలింది. బండి పోయింది, వాయిదాలు మాత్రం మిగిలాయి. ఇలాంటి కష్టం మరొకరికి రాకుండా ఉండాలంటే ఏ పరికరం ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఏ కాగితం ఎప్పుడు అక్కరకు వస్తుందో ముందే తెలుసుకోవడం మేలు.

దొంగకు కావలసింది సమయం

యజమాని వెంటనే తిరిగిరాడని తెలిసిన చోటే దొంగ కాపు వేస్తాడు. బస్టాండ్, ప్రభుత్వ ఆసుపత్రి, వారపు సంత, కల్యాణ మండపం, బ్యాంకు ఆవరణ ఇలాంటివే. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల వంటి సందర్భాల్లో బండ్లు వేల సంఖ్యలో వరుసగా నిలుస్తాయి. అక్కడ ఎవరి బండిని ఎవరు తీస్తున్నారో పక్కవారికి కూడా తెలియదు. ఇక రాత్రివేళ ఇంటి ముందు నిలిపిన బండి సంగతి చెప్పనక్కరలేదు.

ఏళ్ల తరబడి వాడిన బండి తాళం అరిగిపోతుంది. అలాంటి దానికి మరో బండి తాళం చెవి కూడా పట్టవచ్చు. హ్యాండిల్ లాక్ గట్టి బలప్రయోగానికి ఆగదు. కొట్టేసిన బండిని కొందరు విడిభాగాలుగా విప్పి అమ్ముతారు. మరికొందరు నంబరు ప్లేటు మార్చి, కాగితాలు తర్వాత ఇస్తామంటూ మారుమూల గ్రామాల్లో తక్కువ ధరకు అంటగడతారు. ఏ పరికరమూ చోరీని నూటికి నూరుపాళ్లు ఆపలేదు. దొంగ పనిని ఆలస్యం చేయడం, నలుగురి దృష్టీ అటు మళ్లించడం, పోయిన బండి జాడ చెప్పడం అనే మూడింటిలో ఏదో ఒకటి మాత్రమే చేయగలదు. కొనేముందు ఆ మూడింటిలో మనకు కావలసింది ఏదో తేల్చుకోవాలి.

ముందు ఇనుము.. తర్వాతే ఎలక్ట్రానిక్స్

అన్నిటికన్నా చవకైనది, నమ్మదగినది అదనపు తాళమే. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న బండికి డిస్క్ లాక్ వేయవచ్చు. చక్రం తిరగదు కనుక బండిని నడిపించుకు పోలేరు. అయితే తాళం వేసిన సంగతి మరచి బండి కదిలిస్తే కింద పడే ప్రమాదముంది. డిస్క్ నుంచి హ్యాండిల్ వరకు ఒక రంగు తాడు కట్టుకుంటే గుర్తుంటుంది.

గొలుసు తాళం వాడేవారు సాధారణంగా చక్రానికే చుట్టి వదిలేస్తారు. అలాచేస్తే ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ఆటోలో వేసుకుపోవచ్చు. గొలుసును బండి చట్రం మీదుగా తెచ్చి స్తంభానికో, గోడలో సిమెంటుతో బిగించిన ఇనుప రింగుకో తగిలించాలి. గొలుసు నేలకు ఆనకుండా ఎత్తులో ఉండాలి. నేలపై ఉంటే దానిని సుత్తితో పగలగొట్టడం తేలికవుతుంది.

పాత కార్బురేటర్ బండ్లకు మరో సులువైన ఉపాయముంది. బండి నిలిపినప్పుడు పెట్రోల్ కాక్ కట్టేస్తే, కార్బురేటర్‌లో మిగిలిన కాస్త ఇంధనంతో కొంత దూరం వెళ్లి బండి ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి రావడంతో చాలా కొత్త బండ్లు ఇంధనాన్ని ఇంజెక్టర్ ద్వారా అందుకుంటున్నాయి. వాటికి ఈ కాక్ ఉండదు.

అలారం ఎలా పనిచేస్తుంది?

బండి అలారంలో ప్రధాన భాగాలు మూడు. కదలికను పసిగట్టే సెన్సరు ఒకటి, మోత మోగించే సైరన్ రెండోది, ఈ రెండింటినీ నడిపే చిన్న పెట్టె మూడోది. యజమాని చేతిలోని రిమోట్ నొక్కగానే అలారం కాపలాకు సిద్ధమవుతుంది. బండిని ఎవరైనా కుదిపినా, తాళం తిప్పినా సైరన్ మోగుతుంది. కొన్ని రకాల్లో ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే తీగను కూడా ఇదే తెగ్గొడుతుంది. దుకాణాల్లో సాధారణ రకాలు సుమారు వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతున్నాయి.

వీటితో ఇబ్బందులూ ఉన్నాయి. సెన్సరు మరీ సున్నితంగా ఉంటే లారీ పక్కనుంచి వెళ్లినా, కుక్క తగిలినా, ఉరుము ఉరిమినా మోగుతుంది. రెండు రాత్రులు అలా మోగితే వీధిలోవారు విసుక్కుంటారు. మూడో రాత్రి నిజంగా దొంగ వచ్చినా ఎవరూ తలుపు తీయరు. అందుకే బిగించిన రోజే సెన్సరు సున్నితత్వాన్ని తగ్గించి, చేత్తో గట్టిగా కదిపితేనే మోగేలా సరిచేయించుకోవాలి.

రెండో ఇబ్బంది బ్యాటరీ. చిన్న మోటారు సైకిళ్లలో ఉండే బ్యాటరీ సామర్థ్యం కొన్నింటిలో 2.5 ఆంపియర్ అవర్ మాత్రమే. అలారం కాపలాలో ఉన్నంతసేపూ కొద్దిపాటి విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. అది 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 120 మిల్లీ ఆంపియర్ అవర్ ఖర్చవుతుంది. ఈ లెక్కన కొత్త బ్యాటరీ అయినా పది రోజుల్లో సగం, ఇరవై రోజుల్లో దాదాపు పూర్తిగా ఖాళీ అవుతుంది. పాత బ్యాటరీ అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది. రోజూ తిరిగే బండికి ఈ బెడద లేదు. ఊరెళ్లి నెల రోజులు బండి పక్కన పెట్టేవారు మాత్రం ఈ సంగతి గమనించాలి.

మూడోది వైరింగ్. అనుభవం లేని చేతులతో తీగలు కోసి అతికిస్తే వాన నీరు చేరి షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదముంది. కొత్త బండికి తీగలు కోస్తే విద్యుత్ భాగాలపై వారంటీ ఇవ్వబోమని షోరూం వారు చెప్పవచ్చు. తీగలు కోయకుండా సాకెట్ల మధ్య బిగించే రకం ఎంచుకోవడం, ఫ్యూజ్ తప్పనిసరిగా పెట్టించడం మంచిది.

ఇంజిన్‌ను కదలనివ్వని తాళాలు

కొన్ని ఖరీదైన బండ్లలో తాళం చెవిలోనే చిన్న చిప్ ఉంటుంది. చెవి పెట్టగానే బండిలోని కంప్యూటర్ ఆ చిప్ సంకేతాన్ని సరిచూసుకుంటుంది. సరిపోలితేనే ఇంజిన్ అంటుకుంటుంది. దీనినే ఇమ్మొబిలైజర్ అంటారు. ఈ చిప్‌కు వేరే బ్యాటరీ అక్కర్లేదు. మారు తాళం చేయించినా, తీగలు కలిపినా ఇంజిన్ కదలదు. అయితే బండిని ఎత్తుకుపోవడాన్ని ఇది ఆపలేదు. చెవి పోగొట్టుకుంటే కొత్తది చేయించడానికి ఖర్చు కూడా ఎక్కువే.

ఈ సౌకర్యం లేని బండ్లకు మెకానిక్కులు రహస్య స్విచ్ అమరుస్తారు. ఇంజిన్‌ను రగిల్చే తీగ మధ్యలో ఒక చిన్న స్విచ్ పెట్టి, దానిని కంటపడని చోట బిగిస్తారు. స్విచ్ కట్టేస్తే ఎన్ని కిక్కులు కొట్టినా బండి అంటుకోదు. ఖర్చు స్వల్పం, ఫలితం ఎక్కువ. స్విచ్ ఎక్కడుందో పదిమందికి చెప్పుకోకపోవడమే దీని బలం. నాసిరకం స్విచ్ పెడితే నడిరోడ్డుపై వేగంగా వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోవచ్చు. కనుక నీరు చొరబడని, నాణ్యమైన స్విచ్‌నే వాడాలి.

జాడ చెప్పే జీపీఎస్

జీపీఎస్ ట్రాకర్‌పై చాలామందిలో ఒక అపోహ ఉంది. ఉపగ్రహమే బండిని కనిపెట్టి మనకు చెబుతుందని అనుకుంటారు. వాస్తవానికి భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సంకేతాలు పంపుతాయి తప్ప, బండి ఎక్కడుందో వాటికి తెలియదు. ట్రాకర్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానున్న చోటు తానే లెక్కగట్టుకుంటుంది. ఆ సమాచారాన్ని లోపలున్న సిమ్ కార్డు ద్వారా, సెల్ టవర్ మీదుగా యజమాని ఫోనుకు చేరవేస్తుంది. అంటే ఆకాశం కనిపించాలి, టవర్ సిగ్నల్ అందాలి, సిమ్‌కు రీఛార్జి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా జాడ తెలియదు.

నల్లమల అంచు గ్రామాల్లో సిగ్నల్ అందని చోట్ల ట్రాకర్ మౌనం వహిస్తుంది. కొన్ని రకాలు అప్పటి వివరాలను దాచుకుని, సిగ్నల్ రాగానే పంపుతాయి. ఇనుప రేకుల షెడ్డులోనో, భవనం కింది అంతస్తులోనో బండిని దాస్తే ఉపగ్రహ సంకేతం అందదు. అప్పుడు చివరిసారి కనిపించిన చోటు మాత్రమే తెలుస్తుంది. పోలీసులకు అదీ ఎంతో విలువైన ఆధారమే.

ట్రాకర్ కొనేవారు దుకాణదారును ఈ ప్రశ్నలు అడగాలి. మొదటి ఏడాది తర్వాత చందా ఎంత? సిమ్ ఎవరి పేరు మీద ఉంటుంది? అది 2జీ పరికరమా, 4జీనా? 2జీ పరికరం జియో సిమ్‌తో పనిచేయదు, ఎందుకంటే ఆ సంస్థకు 2జీ సేవలే లేవు. బండి బ్యాటరీ తీగ పీకేస్తే కొంతసేపైనా నడిచే సొంత బ్యాటరీ లోపల ఉందా? తీగ పీకగానే ఫోనుకు హెచ్చరిక వస్తుందా? నీటిని తట్టుకుంటుందా? ఐపీ67 గుర్తింపు ఉన్న పరికరం మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడిపోదు. వాటర్ సర్వీసింగ్ చేయించే బండికి ఇది ముఖ్యం.

పరికరాన్ని సీటు కిందో, ప్లాస్టిక్ మూతల వెనుకో అమర్చాలి. ట్యాంకు కింద ఇనుము కప్పిన చోట పెడితే సంకేతం బలహీనపడుతుంది. బండి నిర్ణీత హద్దు దాటగానే హెచ్చరించే సౌకర్యాన్ని రాత్రిపూట తప్పక వాడుకోవాలి. బండి పోయిందని తెల్లవారి తెలుసుకోవడం కంటే ఇంటి గుమ్మం దాటిన నిమిషంలోనే తెలుసుకోవడం మేలు. ఫోను నుంచే ఇంజిన్ ఆపే సౌకర్యం కొన్నింటికి ఉంది. పరుగులో ఉన్న బండిని ఆపితే దానిపై ఉన్నవాడే కాక రోడ్డున పోయేవారూ ప్రమాదంలో పడతారు. బండి నిలిచాకే దానిని వాడాలి.

ఆటోమేటిక్‌గా జాడ చెప్పే పరికరాలను 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులు, ట్యాక్సీల వంటి ప్రజా రవాణా వాహనాలకు కేంద్రం తప్పనిసరి చేసింది. ద్విచక్ర వాహనాలకు ఆ నిబంధన లేదు. కొన్ని విద్యుత్ స్కూటర్లలో మాత్రం తయారీదారులే ఈ సౌకర్యం కల్పిస్తున్నారు. చందా గడువు ముగిస్తే అది ఆగిపోయే రకాలూ ఉన్నందున గడువు తేదీని రాసిపెట్టుకోవాలి.

బ్లూటూత్ బిళ్లలతో ఎంత మేలు?

తాళాల గుత్తికి తగిలించే బిళ్లలను కొందరు బండిలో దాస్తున్నారు. యాపిల్ సంస్థ 2021లో ఎయిర్‌ట్యాగ్ పేరుతో ఇలాంటిది విడుదల చేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇలాంటి వ్యవస్థ 2024లో వచ్చింది. వీటిలో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. చుట్టుపక్కల తిరిగే ఇతరుల ఫోన్లు బిళ్ల సంకేతాన్ని గుర్తించి, ఆ చోటును యజమానికి తెలియజేస్తాయి. పట్టణంలో ఇది బాగానే పనిచేస్తుంది. మనుషుల అలికిడి లేని పొలాల మధ్య బండి ఉంటే జాడ తెలియదు. పైగా ఇతరులను రహస్యంగా వెంబడించేందుకు వీటిని వాడకుండా, కొత్త బిళ్ల తమతో కదులుతోందని ఫోన్లే హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక దొంగకూ అందుతుంది. నెలసరి ఖర్చు లేకపోవడం, బ్యాటరీ ఏడాది వరకు రావడం వీటి అనుకూలతలు. అదనపు ఆసరాగా పనికొస్తాయి తప్ప వీటినే నమ్ముకోరాదు.

బీమా ఉందంటే సరిపోదు

సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాల్సి వచ్చింది. ఇది మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే. మన బండి పోయినా, కాలిపోయినా పరిహారం ఇచ్చేది 'ఓన్ డ్యామేజ్' భాగం. చాలామంది కొన్నప్పుడు దీనిని ఒక్క ఏడాదికే తీసుకుంటారు. పాలసీ కాగితంపై ఈ రెండింటి గడువు తేదీలూ వేర్వేరుగా ఉంటాయి. పాఠకులు ఈ రోజే తమ కాగితాన్ని తీసి రెండో తేదీని చూసుకోవడం అవసరం. గడువు ముగిసి ఉంటే ఆ భాగాన్ని విడిగా తీసుకోవచ్చు.

చోరీకి పరిహారంగా వచ్చేది పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బండికి ఆ ఏడాది లెక్కగట్టిన విలువ. అదే రకం బండి షోరూం ధర నుంచి వయసును బట్టి తగ్గిస్తారు. ఏడాది దాటి రెండేళ్లలోపు 20 శాతం, రెండు నుంచి మూడేళ్లకు 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్లకు 40 శాతం, నాలుగు నుంచి అయిదేళ్లకు 50 శాతం తరుగు. ధర రూ.90 వేలు అనుకుంటే మూడో ఏడాదిలో విలువ రూ.63 వేలు అవుతుంది. పైన చెప్పిన కౌలు రైతు ఆ భాగాన్ని పొడిగించుకుని ఉంటే వాయిదాలు తీర్చేందుకు ఆసరా దొరికేది.

పరిహారం కోరేటప్పుడు బీమా సంస్థలు బండి రెండు తాళం చెవులనూ అడుగుతాయి. తాళం బండికే వదిలేసి వెళ్తే నిర్లక్ష్యమని చెప్పి పరిహారాన్ని నిరాకరించవచ్చు, లేదా తగ్గించవచ్చు. రెండో చెవిని ఇంట్లో భద్రపరచాలి. ఆమోదం పొందిన చోరీ నిరోధక పరికరం ఉంటే ప్రీమియంలో కొంత రాయితీ ఇస్తారేమో ముందే అడగాలి.

బండి పోతే ఏం చేయాలి?

మొదట 112కు ఫోను చేయాలి. ఆలస్యం చేయకుండా ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. అలా పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. కేసు నమోదుకు నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా తపాలా ద్వారా తెలియజేయవచ్చు. చోరీకి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. గతంలో ఇది ఐపీసీ 379వ సెక్షన్ కిందకు వచ్చేది.

ఫిర్యాదులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తప్పక రాయాలి. నంబరు ప్లేటు మార్చడం తేలిక, చట్రంపై కొట్టిన అంకెలను మార్చడం కష్టం. సి-బుక్కును బండి సీటు కింద పెట్టుకు తిరిగేవారు పోయినప్పుడు ఈ నంబర్లు కూడా చెప్పలేకపోతున్నారు. నకలు ఇంట్లో ఉంచాలి, ఫొటో తీసి ఫోనులోనూ దాచుకోవాలి.

అదే రోజు బీమా సంస్థకు, అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థకు, రవాణా శాఖ కార్యాలయానికి సమాచారం ఇవ్వాలి. ఠాణాలో వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, బీమా సంస్థకు చెప్పడంలో ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో గుర్‌షిందర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. బండి దొరకలేదని పోలీసులు తుది నివేదిక ఇచ్చాక పరిహారం పని ముందుకు సాగుతుంది. బీమా సంస్థ కారణం లేకుండా తిరస్కరిస్తే మొదట ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. ఫలితం లేకుంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము ఉండదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారీ ఉంది.

ట్రాకర్‌లో బండి ఎక్కడుందో కనిపించినా యజమాని ఒంటరిగా వెళ్లరాదు. అవతల ఎందరున్నారో, చేతిలో ఏముందో తెలియదు. ఫోనులోని చిత్రాన్ని పోలీసులకు చూపి వారితో కలిసి వెళ్లడమే క్షేమం.

బండి దొరికాక అది ఠాణా ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టిన సందర్భాలు అందరికీ తెలిసినవే. స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ల తరబడి ఠాణాల్లో ఉంచరాదని, ఫొటోలు తీసి, పూచీకత్తుపై యజమానికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కనుక బండి దొరికిన వెంటనే మేజిస్ట్రేట్ కోర్టులో తాత్కాలిక అప్పగింతకు దరఖాస్తు చేసుకోవాలి.

పాత బండి కొనేవారూ జాగ్రత్త

చోరీ సొత్తు అని తెలిసి కొన్నా, అలా నమ్మేందుకు కారణం ఉండి కొన్నా నేరమే. సగం ధరకే వస్తోందంటే అనుమానించాలి. సి-బుక్కులోని ఛాసిస్ నంబరును బండి చట్రంపై ఉన్న అంకెలతో దగ్గరుండి సరిచూసుకోవాలి. అంకెల వద్ద గీకిన గుర్తులు, కొత్త పెయింటు కనిపిస్తే వెనక్కి తగ్గాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వాహన వివరాలు కనిపిస్తాయి. జాతీయ నేర నమోదు సంస్థ నిర్వహించే 'వాహన్ సమన్వయ్'లో ఆ బండి చోరీ జాబితాలో ఉందో లేదో తెలుసుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండికి లేజరు అంకెలు, హోలోగ్రాం ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు ఉండాలి. ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడని తాళంతో దానిని అమరుస్తారు. అది లేక మామూలు మరలతో బిగించిన ప్లేటు ఉంటే కారణం అడగాలి.

ఒక్క సాయంత్రం పని

వేల రూపాయలు వెచ్చించనక్కరలేదు. గొలుసు తాళం, రహస్య స్విచ్ ఉంటే సాధారణ దొంగ పక్క బండి వైపు చూస్తాడు. రోజూ దూరాలు తిరిగేవారు, రాత్రి వీధిలో నిలిపేవారు ట్రాకర్ చేర్చుకోవచ్చు. అరిగిన తాళాన్ని మార్పించడం, ఛాసిస్ నంబరు రాసిపెట్టుకోవడం, బీమా రెండో తేదీ చూసుకోవడం.. ఇవన్నీ కలిపి ఒక్క సాయంత్రం పని. కౌలు రైతు ఇప్పుడు పాత బండి ఒకటి కొన్నారు. దానికి అలారం లేదు, ట్రాకర్ లేదు. ఇంటి అరుగుకు బిగించిన ఇనుప రింగు, లావుపాటి గొలుసు ఉన్నాయి. బీమా కాగితంపై రెండు తేదీలనూ ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నారు.